సెయింట్ ఆంటోనీ అగ్ని: మధ్యయుగ యూరప్‌లో ఎర్గాట్ విషం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యయుగ యూరప్ రోగాల మాట ఎత్తితే చాలు, ప్లేగు, కుష్ఠు, ఎర్గాట్ మూడూ ఒకే మూటలో పడిపోతుంటాయి. కాళ్లూ చేతులూ నల్లబడి రాలిపోయాయని చదివినవాళ్లు అదేదో అంటురోగం అనుకుంటారు. ఇంకొందరు ఊళ్లకు ఊళ్లే మత్తులో ఊగిపోయాయని నమ్ముతారు. నిజానికి సెయింట్ ఆంటోనీ అగ్ని అని పిలిచిన ఈ ఎర్గాట్ రోగం తిండితో వచ్చిన చావు, అందులోనూ పేదవాళ్ల తిండితో. పదే పదే వస్తున్న సందేహాలను చేను దగ్గర మొదలుపెట్టి ఇవాళ్టి మందుల దాకా వరుసగా పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేలో

ఎర్గాట్ అంటే అసలేమిటి? గింజా, బూజా, పురుగా?

బూజు జాతి. శాస్త్రీయ నామం క్లావిసెప్స్ పర్‌ప్యూరియా. రై అనే ధాన్యపు కంకిలో గింజ కట్టాల్సిన చోట ఈ శిలీంధ్రం తిష్ఠ వేసి, గింజకు బదులు గట్టి కొమ్మును తయారుచేస్తుంది. పైన ముదురు ఊదా, దాదాపు నలుపు. విరిస్తే లోపల బూడిద తెలుపు. రై గింజ సెంటీమీటరుకు లోపే ఉంటుంది. కొమ్ము రెండు మూడు సెంటీమీటర్ల దాకా పెరిగి పొట్టు దాటి బయటికి పొడుచుకొస్తుంది. ధాన్యం రాశిలో పడ్డాక చూస్తే ఎలుక పెంటలా కనిపిస్తుంది. విషమంతా ఆ కొమ్ములోనే.

అది కంకిలోకి ఎలా చేరుతుంది?

కోతప్పుడు కొన్ని కొమ్ములు నేల రాలుతాయి. చలికాలమంతా మట్టిలోనే పడి ఉంటాయి. కొన్ని వారాల పాటు ఆ చలి తగిలితేనే అవి మళ్లీ మేలుకుంటాయి. వసంతంలో ఒక్కో కొమ్ము నుంచి సన్నటి కాడలు లేస్తాయి, కాడ కొసన గుండ్రటి తల ఉంటుంది. ఆ తలల్లోంచి ఎగిరిన బీజాలు గాలివాటున వెళ్లి, సరిగ్గా అప్పుడే విచ్చుకున్న రై పూల కీలాగ్రాల మీద వాలతాయి. పుప్పొడి నడిచే దారినే లోపలికి దిగి అండాశయాన్ని ఆక్రమిస్తాయి. వారం పది రోజులకు ఆ పువ్వులోంచి తియ్యటి జిగురు కారుతుంది. అందులో లక్షల కొద్దీ కొత్త బీజాలుంటాయి. ఈగలు, వాన తుంపర్లు ఆ జిగురును పక్క కంకులకు అంటిస్తాయి. నాలుగైదు వారాల్లో జిగురు ఆగిపోయి కొమ్ము గట్టిపడుతుంది. గింజా, కొమ్మూ ఒకేసారి కోతకు వస్తాయి. అసలు చిక్కంతా అక్కడే.

రైకే ఎందుకు పట్టింది? గోధుమకు రాదా?

గోధుమకూ బార్లీకీ కూడా వస్తుంది, కానీ తక్కువ. గోధుమ పువ్వు చాలావరకు మూసుకునే తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందుతుంది. రై అలా కాదు. పరాయి మొక్క పుప్పొడి కోసం పువ్వు తెరుచుకుని ఎదురుచూస్తుంది, అది దొరికేదాకా మూసుకోదు. ఆ తెరిచిన తలుపులోంచే ఎర్గాట్ దూరుతుంది.

ఏ సంవత్సరాల్లో ఎక్కువగా వచ్చేది?

చలికాలం కరుకుగా ఉండి, ఆ వెంటనే వసంతం చల్లగా, తడిగా సాగిన ఏడాది. తడి నేలలో కొమ్ములు బాగా మొలుస్తాయి. వానకు పుప్పొడి ఎగరదు కాబట్టి రై పువ్వు రోజుల తరబడి తెరుచుకునే ఉంటుంది. మధ్య ఫ్రాన్సులోని సొలోన్ ప్రాంతాన్నే తీసుకోండి: నీరు నిలిచే ఇసుక నేలలు, రై తప్ప మరో పంట సరిగా రాని బీద భూములు. అక్కడ ఈ రోగం 18వ శతాబ్దిలో కూడా వదల్లేదు.

లోతుగా దున్నితే పోతుందంటారు, అప్పటి రైతులు ఎందుకు దున్నలేదు?

కొమ్ము మట్టిలో బాగా లోతుకు పడితే దాని కాడ పైకి రాలేదు, బీజాలు గాలికి అందవు. పైగా కొమ్ముకు నేలలో ఆయుష్షు సుమారు ఒక ఏడాది. అంటే లోతు దుక్కి, పంట మార్పిడి, గట్ల మీది గడ్డిని పూత రాకముందే కోసేయడం, ఈ మూడూ చేస్తే చాలావరకు అదుపవుతుంది. ఈ కిటుకు తెలియాలంటే నల్ల కొమ్ముకూ రోగానికీ ముడి ఉందని తెలియాలి. మధ్యయుగ రైతుకు అది తెలియదు. బలహీనమైన పశువులతో పైపైనే దున్నిన చేలలో కొమ్ములు నేల మీదే మిగిలిపోయేవి.

## కళ్లం నుంచి రొట్టెకు

నల్ల కొమ్ములు కంటికి కనబడేవే కదా, ఏరి పారేయలేదా?

చూసేవాళ్లు, కానీ అదీ ఒక రకం రై గింజే అనుకునేవాళ్లు. తెలిసినా ఏరడం తేలిక కాదు. నూర్చేటప్పుడు కర్ర దెబ్బలకు కొమ్ములు ముక్కలై గింజంత అవుతాయి. అప్పుడు జల్లెడ పట్టినా గింజతోపాటే కిందికి దిగిపోతాయి. కొమ్ము గింజ కన్నా తేలిక కాబట్టి చిక్కటి ఉప్పునీళ్లలో పోస్తే పైకి తేలుతుంది. అయితే ఉప్పు ఖరీదైన కాలంలో, తడిసిన ధాన్యాన్ని మళ్లీ ఆరబెట్టే ఎండ లేని దేశంలో, ఏడాది తిండిని అలా కడగడం బీద కుటుంబానికి అయ్యే పని కాదు. ఇంకో మాట. పంట సగమే చేతికొచ్చిన ఏడాదిలో ఏ గింజనూ పారేయబుద్ధి కాదు.

రొట్టె కాలిస్తే విషం విరిగిపోదా?

కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎర్గాట్ విషాలు బూజు కణాలు కావు, రసాయనాలు. బూజు చచ్చినా అవి పిండిలోనే ఉంటాయి. వాటిని తగ్గించేది నిల్వ. ధాన్యం నెలల తరబడి ఉంటే విషం తీవ్రత క్రమంగా పడిపోతుంది. అందుకే కొత్త పంట ఇంటికి రాగానే తిన్నవాళ్లు ఎక్కువ దెబ్బతిన్నారు. పాత గింజలు అడుగంటి, ఆకలితో కోత కోసం ఎదురుచూసిన ఇళ్లలోనే కొత్త రై ఆ వారమే రొట్టె అయ్యేది.

ఎంత తింటే ప్రమాదం?

పిండిలో నూటికి ఒకటి రెండు పాళ్లు ఎర్గాట్ కలిసినా రోజూ తింటే చాలు. లెక్క వేసి చూడండి. ఆనాటి కూలి మనిషికి రొట్టే అన్నం, కూర. రోజుకు సుమారు కిలో తినేవాడు. కిలో రొట్టెకు దాదాపు 700 గ్రాముల పిండి. అందులో నూటికి ఒక పాలంటే 7 గ్రాముల ఎర్గాట్. అందులో అల్కలాయిడ్లు, అంటే ఆ విష రసాయనాలు, 0.2 శాతం ఉన్నాయనుకుంటే 14 మిల్లీగ్రాములు. కాల్చినప్పుడు కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. ఈ కుటుంబానికే చెందిన ఎర్గోటమిన్‌ను ఆధునిక వైద్యులు పార్శ్వనొప్పికి ఇచ్చేటప్పుడు రోజుకు 6, వారానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ మనిషికి ఒక్క రోజులోనే అంతా ఒంటికి పట్టేది, అదీ వారాల తరబడి.

డబ్బున్నవాళ్లకు ఎందుకు రాలేదు?

వాళ్లు తెల్లటి గోధుమ రొట్టె తినేవాళ్లు. దాంతోపాటు మాంసం, చేప, వెన్న ఉండేవి కాబట్టి రొట్టె వాటా తగ్గేది. గోదాముల్లో పాత ధాన్యం కూడా ఉండేది. ఒకే ఊళ్లో కోటలో క్షేమం, గుడిసెలో చావు. ఈ తేడాను అప్పటివాళ్లు పాపపుణ్యాల లెక్కలోకి తోశారు.

## ఒంట్లో

కాళ్లూ చేతులూ ఎలా రాలిపోతాయి?

ఎర్గాట్ అల్కలాయిడ్లు రక్తనాళాల గోడల్లోని కండరాన్ని బిగదీస్తాయి. రోజూ విషం పడుతుంటే ఆ బిగింపు సడలదు. గుండెకు దూరంగా ఉన్న కాలివేళ్లు, చేతివేళ్లకు ముందుగా రక్తం అందదు. మొదట నీరసం, పిక్కల్లో, నడుములో నొప్పులు. తర్వాత పాదం వాచి, లోపల నిప్పు పెట్టినట్టు మంట. ముట్టుకుంటే మాత్రం చల్లగా ఉంటుంది. ఈ మంటే రోగానికి అగ్ని అన్న పేరు తెచ్చింది. కొన్ని రోజులకు మంట పోయి స్పర్శే ఉండదు. చర్మం ఊదా రంగుకు, ఆ తర్వాత నల్లగా మారి ఎండిపోతుంది. బతికిన భాగానికీ చచ్చిన భాగానికీ మధ్య స్పష్టమైన గీత ఏర్పడుతుంది. చివరికి కీలు దగ్గర అవయవం ఊడివస్తుంది. నాళాలు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నెత్తురు కూడా పెద్దగా రాదు.

మూర్ఛలు వచ్చే రకం వేరే ఉందా?

ఉంది. ఒంటి మీద, చర్మం కింద చీమలు పాకుతున్నట్టు జిలజిలతో మొదలవుతుంది. తర్వాత వేళ్లు, మణికట్లు లోపలికి వంకరపోతాయి. గంటల తరబడి ఈడ్పులు, భరించలేని నొప్పి. కొందరికి పిచ్చి చూపు, లేనివి కనబడటం. ఈడ్పు వదిలాక విపరీతమైన ఆకలి. మళ్లీ అదే రొట్టె తింటారు, మళ్లీ అదే ఈడ్పు. రైన్ నదికి పడమట, ముఖ్యంగా ఫ్రాన్సులో కుళ్లే రకం; తూర్పున జర్మనీ, రష్యాల్లో మూర్ఛ రకం ఎక్కువగా నమోదయ్యాయి. పాలు, వెన్న అందక ఎ విటమిన్ కరువైన చోట నరాలు దెబ్బతిన్నాయని ఒక వాదన. బూజులోని అల్కలాయిడ్ల పాళ్లు ప్రాంతాన్నిబట్టి మారడం ఇంకో కారణం కావచ్చు.

గర్భిణులకు, పసివాళ్లకు ఏమయ్యేది?

ఎర్గాట్ గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, కాబట్టి గర్భస్రావాలు అయ్యేవి. తల్లిపాలు ఎండిపోయేవి, దాంతో తల్లి బతికినా చంటిబిడ్డ ఆకలితో పోయేది. పిల్లల ఒంటి బరువుకు రొట్టె పాలు ఎక్కువ, అందుకే మూర్ఛ రకం వాళ్లను పెద్దల కన్నా ఎక్కువగా బలిగొంది.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదా?

అంటుకోదు. రోగి పక్కన పడుకున్నా, పుండ్లు కడిగినా రాదు. ఇంటిల్లిపాదీ ఒకే పిండి రొట్టె తినడం వల్ల అందరూ ఒకేసారి పడిపోయేవాళ్లు, అది చూసి అంటురోగమని భయపడ్డారు.

## చరిత్రలో

మొట్టమొదట ఎక్కడ నమోదైంది?

జర్మనీలోని క్సాంటెన్ వార్షిక చరిత్రలో 857వ సంవత్సరం కింద ఉంది. బొబ్బలు వాచే పెద్ద తెగులు జనాన్ని అసహ్యమైన కుళ్లుతో తినేసిందని, చావుకు ముందే అవయవాలు వదులై రాలిపోయాయని ఆ రాత చెబుతుంది. అందులో ధాన్యం ప్రస్తావన లేదు.

పారిస్ చర్చిలో తిండి పెట్టగానే రోగం తగ్గిందట, నిజమేనా?

ఫ్రాన్సులోని రైమ్స్‌కు చెందిన చరిత్రకారుడు ఫ్లోడోయార్ 945 నాటి సంగతిగా రాసిపెట్టాడు. పారిస్ చుట్టుపక్కల అగ్ని తెగులు పడినవాళ్లు మేరీమాత చర్చిని ఆశ్రయించారు. డ్యూక్ హ్యూ తన ధాన్యంతో రోజూ వాళ్లకు భోజనం పెట్టించాడు. చాలామంది కోలుకున్నారు. బాగైందని ఇంటికెళ్లినవాళ్లకు ఆరిన మంట మళ్లీ రాజుకుంది. తిరిగి చర్చికి వస్తే మళ్లీ తగ్గింది. ఇవాళ చదివితే ఒక ప్రయోగం ఫలితంలా ఉంటుంది: డ్యూక్ గింజ తింటే నయం, ఇంటి రొట్టె తింటే రోగం. ఆధారమంతా కళ్ల ముందే ఉంది. వాళ్లు ఆ ఫలితాన్ని మేరీమాత మహిమ ఖాతాలో రాశారు. అంత దగ్గరికొచ్చి ఆగిపోవడం వల్ల ఇంకో ఏడు వందల ఏళ్లు జనం అదే రొట్టె తిన్నారు.

అన్నిటికన్నా ఘోరమైన విడత ఏది?

దక్షిణ ఫ్రాన్సులోని అక్విటేన్‌లో 994లో వచ్చినదాన్ని ఎక్కువగా చెబుతారు. లిమోజ్ నగరంలో బిషప్పులు సమావేశమై మూడు రోజుల ఉపవాసం పెట్టి, సెయింట్ మార్షల్ అస్థికలను ఊరేగించారు. 40,000 మంది చనిపోయారన్న అంకె పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆనాటి రచయితలకు అది చాలా ఎక్కువమంది అని చెప్పే పద్ధతి, జనాభా లెక్కగా తీసుకోకండి. రోగ వర్ణనకైతే 1089లో లొరైన్ గురించి జాంబ్లూకు చెందిన చరిత్రకారుడు సిజ్‌బేర్ రాసింది అన్నిటికన్నా నమ్మదగ్గది. అవయవాలు బొగ్గులా నల్లబడటం, బతికినవాళ్లు కాళ్లూ చేతులూ కోల్పోవడం, నరాలు ముడుచుకుని వంకరలు పోవడం అన్నీ అందులో ఉన్నాయి. అంటే రెండు రకాలూ ఒకే చోట వచ్చాయన్నమాట.

పాత రాతల్లో ఇది ప్లేగా, ఎర్గాటా అని ఎలా పోల్చుకోవాలి?

నాలుగు విషయాలు చూడండి. ఒకటి, గడ్డలు: గజ్జల్లో, చంకల్లో, మెడ మీద పెద్ద గడ్డలు లేస్తే ప్లేగు. రెండు, వేగం: ప్లేగు తీవ్ర జ్వరంతో వారంలోపే చంపుతుంది, ఎర్గాట్ వారాలు, నెలలు సాగుతుంది. మూడు, నెల: కోతల తర్వాత మొదలై శీతాకాలం దాకా నడిస్తే ఎర్గాట్‌ను అనుమానించాలి. నాలుగు, దారి: ప్లేగు ఓడల వెంట, రహదారుల వెంట ఒక ఊరి నుంచి మరో ఊరికి నడుస్తుంది, ఎర్గాట్ ఒకే పంట తిన్న ప్రాంతంలో ఒకేసారి లేస్తుంది. ప్లేగు రక్తానికి పాకినప్పుడు కూడా వేళ్లు, ముక్కు నల్లబడతాయి కాబట్టి ఒక్క నలుపును చూసి తీర్పు చెప్పకూడదు. ఈ రోగానికి అప్పట్లో వాడిన పవిత్రాగ్ని అన్న పేరును నమ్మడం కూడా ప్రమాదమే. చర్మం ఎర్రగా ఉబ్బే సర్పి వంటి రోగాలనూ అలాగే పిలిచారు.

1347 నాటి నల్ల చావు కూడా ఎర్గాట్ వల్లేనని చదివాం, నిజమా?

కాదు. అది యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా తెచ్చిన ప్లేగు. 1347 అక్టోబరులో సిసిలీలోని మెస్సీనా రేవుకు చేరి, 1348లో పారిస్, లండన్ నగరాల దాకా పాకింది. లండన్‌లోని ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ ప్లేగు శ్మశానంలో పాతిపెట్టినవాళ్ల పళ్ల నుంచి ఆ బాక్టీరియా జన్యువును తీసి 2011లో ప్రచురించారు. ఆ చర్చ అక్కడితో తేలిపోయింది.

## ఆంటోనీ ఆసుపత్రుల్లో

ఈ రోగానికి సెయింట్ ఆంటోనీ పేరు ఎందుకు?

ఆంటోనీ ఈజిప్టు ఎడారి సన్యాసి. ఆయన అస్థికలని నమ్మినవాటిని 11వ శతాబ్దిలో కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఆగ్నేయ ఫ్రాన్సులోని దోఫినే ప్రాంతానికి తెచ్చారు. రోగులు అక్కడికి మొక్కులకు వచ్చేవారు. వాళ్ల సేవ కోసం సుమారు 1095లో గాస్తాన్ అనే ప్రభువు సోదర సంఘాన్ని నెలకొల్పాడు. 1297లో పోప్ బోనిఫేస్ 8 దాన్ని పూర్తి స్థాయి మఠ సంఘంగా గుర్తించాడు. నల్ల అంగీ మీద నీలం టి ఆకారపు శిలువ వాళ్ల గుర్తు. వాళ్ల పందులు మెడలో గంటతో వీధుల్లో స్వేచ్ఛగా తిరిగేవి, ఊరివాళ్లే మేపేవాళ్లు.

అక్కడ ఏం వైద్యం చేసేవారు? నిజంగా నయమయ్యేదా?

రోగి రాగానే పరీక్షించి, ఇది ఆంటోనీ అగ్నేనని తేలితే చేర్చుకునేవారు. అస్థికల మీదుగా పోసి పట్టిన ద్రాక్షసారాను తాగించేవారు, పుండ్ల మీద రాసేవారు. పందికొవ్వులో మూలికలు కలిపిన లేపనం పూసేవారు. అన్నిటికన్నా పెద్ద మందు భోజనం: మంచి ధాన్యపు రొట్టె, పంది మాంసం. విషపు రొట్టె ఆగిపోతే నాళాలు సడలుతాయి. కుళ్లు మొదలుకాని కాలు బతుకుతుంది, నల్లబడిన వేలు మాత్రం తిరిగిరాదు. కాబట్టి తొందరగా వచ్చినవాళ్లకు నిజంగానే నయమైంది. అవయవాలు పోయినవాళ్లకు అక్కడే జీవితాంతం ఉండే వీలు కల్పించారు. కారణం తెలియకపోయినా ఆ సోదరులు సరైన పనే చేశారు. పని చేయలేని మనిషిని మరో సంస్థ అలా పోషించడం ఆ రోజుల్లో అరుదు.

కాలు కోసే పని ఎవరు చేసేవారు?

సంఘం నియమించుకున్న శస్త్రవైద్యులు. స్ట్రాస్‌బర్గ్‌లో ఆంటోనీ ఆసుపత్రికి పనిచేసిన హాన్స్ ఫాన్ గెర్స్‌డార్ఫ్ 1517లో అచ్చువేసిన గాయాల వైద్య గ్రంథంలో కాలు కోసే బొమ్మ ఉంది. రంపం పట్టిన వైద్యుడి వెనక చెయ్యి పోయిన మరో రోగి నిలబడి ఉంటాడు, ఒంటి మీద టి శిలువ, మొండి చేతికి తొడుగు. కోసిన చోట జంతువు మూత్రాశయాన్ని తొడిగి బిగించి కట్టడం ఆయన పద్ధతి.

ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రానికి దీనితో సంబంధం ఏమిటి?

చిత్రకారుడు మథియాస్ గ్రూనెవాల్డ్ సుమారు 1512 నుంచి 1516 మధ్య ఆంటోనీ సంఘం ఆసుపత్రి కోసమే దాన్ని వేశాడు. రోగులు దాని ముందు ప్రార్థించేవారు. ఒక పలకలో కడుపు ఉబ్బి, ఒళ్లంతా పుండ్లతో వెనక్కి వాలిపోయిన మనిషి ఉంటాడు. ఇంకో పలకలో సన్యాసుల పాదాల దగ్గర ఆకులు గుర్తుపట్టేంత జాగ్రత్తగా మందు మొక్కలు వేశాడు. ఇప్పుడు అది ఫ్రాన్సులోని కోల్మార్‌లో ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది.

## కారణం దొరికాక

రొట్టె వల్లేనని ఎవరు తేల్చారు?

ఒక్కరు కాదు. 1597లో జర్మనీలోని మార్బుర్గ్ వైద్యాచార్యులు మూర్ఛ రోగానికి చెడిన ధాన్యపు రొట్టే కారణమన్నారు. 1676లో వైద్యుడు డెనీ దొదార్ ఫ్రెంచి సైన్సు అకాడమీకి రాసిన లేఖలో కొమ్ము పట్టిన రైని నేరుగా దోషిగా నిలబెట్టాడు. కొత్త గింజ ఎక్కువ ప్రమాదమని, తల్లిపాలు ఎండిపోతాయని కూడా రాశాడు. శిలీంధ్రం జీవితచక్రాన్ని పూర్తిగా విప్పింది లూయీ రెనే తులాన్, 1853లో.

ఎర్గాట్‌లో ఎల్.ఎస్.డి. ఉంటుందా? మంత్రగత్తెల వేటలు, నాట్య ఉన్మాదం దీనివల్లేనా?

ఎర్గాట్‌లో ఎల్.ఎస్.డి. అనే భ్రాంతులు కలిగించే మత్తుమందు ఉండదు. ఎర్గాట్ అల్కలాయిడ్ల మూల పదార్థమైన లైసెర్జిక్ ఆమ్లం నుంచి ఆల్బర్ట్ హోఫ్‌మన్ 1938లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. అమెరికాలోని సేలంలో 1692 నాటి మంత్రగత్తెల కేసులకు ఎర్గాటే కారణమన్న ప్రతిపాదన 1976లో వచ్చింది. లక్షణాలు కుదరవని అదే ఏడాది గట్టి ఖండన కూడా వచ్చింది. 1518లో స్ట్రాస్‌బర్గ్‌లో జనం రోజుల తరబడి నాట్యం చేసిన ఘటనకూ ఇది అతకదు. ఎర్గాట్ ఈడ్పులు వచ్చిన మనిషి నిలబడలేడు, ఇక నాట్యమెక్కడ? విషం తిని ప్రాణాలూ కాళ్లూ పోగొట్టుకున్న మనుషుల కథను మత్తు కథగా మార్చడం వాళ్లకు చేసే అన్యాయం.

పూర్తిగా ఎప్పుడు ఆగింది?

గోధుమ, బంగాళాదుంప పెరిగి రై మీద ఆధారం తగ్గాక, మరలు గింజను శుభ్రం చేయడం మొదలయ్యాక బాగా తగ్గింది. అయినా 1926-27లో రష్యాలో 11,000 మందికి పైగా జబ్బుపడ్డారు. 1977-78లో ఇథియోపియాలోని వొల్లోలో కుళ్లే రకం మళ్లీ కనిపించింది. 1951లో ఫ్రాన్సులోని పోన్-సాంతెస్ప్రి ఊళ్లో రొట్టె తిని జనం పడిపోయిన ఘటనకు కారణం మాత్రం ఇప్పటికీ వివాదమే.

## ఇవాళ

ఇదే ఎర్గాట్ నుంచి మందులు వస్తున్నాయా?

వస్తున్నాయి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి మన ఆసుపత్రుల్లో ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్ ఈ కుటుంబానిదే. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకుని నెత్తురు ఆగుతుంది. బీపీ ఎక్కువున్నవాళ్లకు మాత్రం ఇవ్వరు. పార్శ్వనొప్పికి వాడే ఎర్గోటమిన్‌ను క్లారిత్రోమైసిన్‌తోగానీ కొన్ని హెచ్.ఐ.వి. మందులతోగానీ కలిపి వాడితే కాలేయం దాన్ని విరచలేదు. మోతాదు సరిగ్గానే వేసుకున్నా కాళ్లు చల్లబడి, నీలిరంగు తిరగవచ్చు. ఇలాంటి మాత్ర వాడుతూ కొత్త మందు రాయించుకునేటప్పుడు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పండి.

మన సజ్జలకు, జొన్నలకు కూడా ఎర్గాట్ వస్తుందా? తింటే అలాగే అవుతుందా?

వస్తుంది. మన రైతులు తేనె బంక తెగులు అనేది ఇదే. అయితే సజ్జ మీద వచ్చేది క్లావిసెప్స్ ఫ్యూసిఫార్మిస్ అనే వేరే జాతి, దాని అల్కలాయిడ్లూ వేరు. 1970ల్లో రాజస్థాన్‌లో అలాంటి సజ్జలు తిని జబ్బుపడిన ఘటనలను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించారు. వికారం, వాంతులు, తల తిరగడం, మగత కనిపించాయి, అవయవాలు కుళ్లలేదు. ఇంట్లో అనుమానం వస్తే సజ్జలను చిక్కటి ఉప్పునీళ్లలో పోసి కలియబెట్టండి. పైకి తేలిన నల్లటివాటిని, తాలును తీసి పారేయండి, పశువులకు కూడా వేయొద్దు. అడుగున మిగిలిన గింజలను మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బాగా ఎండబెట్టాకే పిండి పట్టించండి.